ఎనభై నాలుగు కిలోల మరిది

రాంగోపాల్‌పేట్‌లో శ్యామలమ్మ ఇంటి నడిమి గోడను జాకీల మీదికి ఎక్కించిన సోమవారం పొద్దున, ఆమె మరిది ఓంప్రకాశ్ పై గదిలో మంచం మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. నిజానికి అతను అక్కడ ఉండాల్సిన మనిషి కాదు. కాప్రాలో ఉంటాడు. ఒక్క మాట చెప్పి పోదామని వచ్చాడు. గురువారం పదకొండు గంటలకు మున్సిపాలిటీ ఇన్‌స్పెక్టర్ వస్తాడనీ, ఇల్లు కూలిపోయేలా ఉందని రాసుకుపోతాడనీ, ఆ తర్వాత వదిన సంతకం పెట్టినా పెట్టకపోయినా ఇల్లు నేలమట్టం కావడం ఖాయమనీ ఆ మాట.

అర్జీ పెట్టింది అతనే. మామగారు కట్టించిన ఆ ఇంట్లో సగం శ్యామలమ్మది, సగం అతనిది. బిల్డరుకు ఇచ్చేస్తే అయిదంతస్తులు లేస్తాయి, అందులో ఒక ఫ్లాటు నీకు అని రెండేళ్లుగా చెబుతున్నాడు. ఆమె రెండేళ్లుగా వద్దంటోంది. భర్త పోయాక ఆమెకు మిగిలింది పైన ఒక గది, ఒక వంటిల్లు, కింద మార్తకు అద్దెకిచ్చిన రెండు గదులు. అరవై నాలుగేళ్ల వయసులో లిఫ్టులో నాలుగో అంతస్తుకు పోయి, తలుపేసుకుని, ఎదురింటివాళ్ల పేరు తెలియకుండా బతకమంటే ఆమె వల్ల కాదు. అడిగితే పని కాదని తేలాక ఓంప్రకాశ్, ఈ ఇంట్లో మనుషులు ఉండటం ప్రమాదమని అర్జీ రాసి, కింద తన పేరూ ఫోను నంబరూ వేసి ఇచ్చి వచ్చాడు.

గోడ పని మార్త కోసం మొదలైంది. మార్త కేకులు చేసి అమ్ముతుంది. ఒక గదిలో పొయ్యి, ఒక గదిలో అమ్మకం, మధ్యలో తలుపు లేని గోడ. వేడి కేకు చేత్తో పట్టుకుని వీధిలోంచి చుట్టూ తిరిగి రావాల్సి వస్తోందని, ఆ గోడ తీస్తే ఒక్కటే పెద్ద దుకాణం అవుతుందని ఎప్పటినుంచో అడుగుతోంది. మార్త అక్క కొడుకు జ్ఞానశేఖర్ ఇంజనీరు. అతను కాగితం మీద గీసి ఇచ్చాడు. పని వినడానికి తేలికే. కింది గోడ పోవాలి, దాని నెత్తిన ఉన్న పై గోడ మాత్రం ఉండాలి. అందుకని పై గోడ అడుగున నాలుగు చోట్ల రంధ్రాలు కొట్టి, అడ్డంగా ఇనుప గర్డర్ ముక్కలు దూర్చి, వాటి రెండు కొసల కింద జాకీలు నిలబెట్టి మర తిప్పి బిగిస్తారు. గోడ బరువంతా ఆ ఎనిమిది జాకీలు ఎత్తుకున్నాక కింది గోడ తీసేస్తారు. ఆ ఖాళీలో శుక్రవారం పెద్ద ఇనుప బీమ్ ఎక్కిస్తారు. అప్పటిదాకా పై గోడ నేల తాకకుండా, పల్లకీలో పెళ్లికూతురిలా కూర్చుంటుంది.

మేస్త్రి వీరయ్యది మౌలాలి. మేస్త్రి కాకముందు పన్నెండేళ్లు ధాన్యం మండీలో కాంటా పట్టాడు. ఇప్పటికీ ఎవరినైనా చూస్తే ముందు తూకం చూస్తాడు, తర్వాత మొహం చూస్తాడు. జాకీలు బిగించాక పైన బరువు మార్చొద్దని జ్ఞానశేఖర్ ఫోన్‌లో చెబితే, వీరయ్య ఆ మాటను మండీలో కాంటా ముందు నిలబడి విన్నట్టు విన్నాడు. ముల్లు ఎక్కడుందో అక్కడే ఉండాలి.

మర ఆఖరి చుట్టు తిరగగానే సుద్దముక్క పట్టుకుని పైకొచ్చాడు. గదిలో అడుగు పెట్టలేదు. మెట్ల మీదే నిలబడి, గుమ్మంలోంచి లోపలున్నవన్నీ చూసి మెట్ల పక్క గోడ మీద రాసుకున్నాడు. బీరువా, మంచం, కుట్టు మిషను, బియ్యం డబ్బా, దేవుడి పీట, అమ్మ. చివర ఓంప్రకాశ్‌ను కిందినుంచి పైదాకా ఒకసారి చూసి, మరిది, ఎనభై నాలుగు అని రాశాడు.

“గదేందయ్యా, నన్నెందుకు రాస్తున్నవ్?” అన్నాడు ఓంప్రకాశ్.

“జాకీలు బిగిచ్చినప్పుడు మీరు పైన ఉన్నరు సార్. లెక్కల మీరు సుత పడ్డరు. బీమ్ ఎక్కేదాక దిగొద్దు.”

ఓంప్రకాశ్ నవ్వి చెప్పుల కోసం చూశాడు. వీరయ్య అడ్డం రాలేదు. కాంటాలో ఒక పళ్లెం ఖాళీ చేస్తే రెండోది ఎలా లేస్తుందో చేతులతో చూపించాడు. ఎనభై నాలుగు కిలోలు పైనుంచి పోతే జాకీలకు పట్టు తప్పి గోడను మీదికి తంతాయనీ, పాతకాలపు డంగు సున్నం గోడ బరువైతే మోస్తుంది గాని తన్ను ఓర్చుకోదనీ వివరంగా చెప్పాడు. ఓంప్రకాశ్‌కు రాణీగంజ్‌లో పంపు మోటార్ల దుకాణం ఉంది. లెక్క తెలిసిన మనిషి. అయితే నా బరువుకు ఇసుక పెట్టుకోండి అన్నాడు.

ఇసుక సంచులు వచ్చాయి. మెట్లు ప్రహరీని ఆనుకుని ఉన్నాయి గనక వాటి మీది బరువు లెక్కలోకి రాదని వీరయ్య తేల్చాడు. సంచులు గుమ్మం దాటి లోపలికి పోతుంటే ఓంప్రకాశ్ గుమ్మం దాటి బయటికి వచ్చాడు. మూడో మెట్టు మీద ఉండగా లోపల గోడనుంచి అరచేయంత సున్నం పెళ్ల రాలి గచ్చు మీద పడింది. ఆ గోడ పదేళ్లుగా అలా రాలుతూనే ఉంది. శ్యామలమ్మ రోజూ పొద్దున ఊడుస్తూనే ఉంది. కాని ఓంప్రకాశ్ అర్జీలో రాయడమే తప్ప పెళ్ల రాలడం కళ్లతో చూసింది అదే మొదటిసారి. కాలు కింది మెట్టు మీద పెట్టబోయి పెట్టలేదు.

“ఇసుక చచ్చిన బరువు సార్. మీది బతికిన బరువు. గోడకు తేడా తెలుస్తది,” అన్నాడు వీరయ్య, ఏ కోపమూ లేకుండా. “మీరు పోతే పోండ్రి. కని గోడ పడితే పోలీసులు ముందుగాల ఎవల్ని అడుగుతరు? అర్జీ మీద ఉన్న నంబరుకే ఫోన్ జేస్తరు.”

ఓంప్రకాశ్ వెనక్కి తిరిగాడు. ఇసుక దింపించాడు. ఇందాక ఎక్కడ కూర్చున్నాడో దుప్పటి ముడతలు చూసి గుర్తుపట్టి సరిగ్గా అక్కడే కూర్చున్నాడు.

అలా ఆ ఇంటిని కూలగొట్టించాలని వచ్చిన మనిషి దాని మీద బరువై ఉండిపోయాడు. శ్యామలమ్మకు మొదట ఇది నవ్వులాటగానే ఉంది. భర్త పోయిన ఈ పదకొండేళ్లలో మరిది ఆమె ఇంట్లో రెండో పూట అన్నం తిన్నది లేదు.

చిక్కల్లా స్నానాల గది కింద పెరట్లో ఉండటంతో వచ్చింది. అతను దిగాలంటే బతికిన బరువు ఒకటి ఎక్కాలి. మార్త డెబ్బై రెండు కిలోలుంటుందని వీరయ్య చూపుతోనే చెప్పాడు. మార్త నొచ్చుకుంది గాని కాదనలేదు. ఆమె చేతికి పది కిలోల మైదా సంచి, రెండు కిలోల చక్కెర ఇస్తే లెక్క సరిపోయింది. శ్యామలమ్మ దిగాల్సి వస్తే ఆమె తూకమున్న కూలీ ఒకడు ఎక్కేవాడు. రోజుకు మూడు నాలుగు సార్లు మార్త మైదా చంకన పెట్టుకుని మెట్లెక్కేది, ఓంప్రకాశ్ తువ్వాలు భుజాన వేసుకుని దిగేవాడు. గుమ్మం దగ్గర ఇద్దరూ ఒక్కసారే అడుగు మార్చుకునేవాళ్లు. ఆమె మంచం మీద కూర్చుని, యాభై ఏళ్లకు తనను కాంటా రాయిని చేశారని శ్యామలమ్మతో చెప్పుకునేది.

“అన్నా, జెర జల్ది రాండ్రి. పొయ్యిల కేకు మాడుతది,” అని కిటికీలోంచి పెరట్లోకి కేక వేసేది.

తిండికీ అదే లెక్క. పాలు, కూరగాయలు తాడు కట్టిన బుట్టలో కిటికీ దగ్గరికి ఎక్కేవి, అంత బరువు ఇంకేదో ముందుగా బుట్టలో దిగేది. శ్యామలమ్మ దగ్గర దింపడానికి కొదవ లేదు. పగిలిన రోలు, తుప్పు పట్టిన ఇస్త్రీ పెట్టె, చెవులు ఊడిన గిన్నెలు ఒక్కొక్కటే బుట్ట ఎక్కాయి. ఇల్లు తేలికవడం లేదు గాని తెరిపి అవుతోందని ఆమె అనుకుంది. మంగళవారం ఓంప్రకాశ్ మటన్ అడిగాడు. కిలోకు తక్కువైతే రుచి రాదన్నాడు. కిలో దేనికి దింపాలని వెతికితే, అతను వదినకు చూపిద్దామని తెచ్చిన బిల్డరు పుస్తకం దొరికింది. నున్నటి దళసరి కాగితాలు, పేజీ పేజీకీ రంగు బొమ్మలు. వీరయ్య కిందినుంచే చూసి కిలో అన్నాడు. ఓంప్రకాశ్ ఆ పుస్తకాన్ని కాసేపు ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత తనే బుట్టలో వేశాడు. ఈత కొలనూ తోటా వ్యాయామశాలా తాడు మీద కిందికి దిగాయి, మటన్ పైకి వచ్చింది.

అతని భార్య కల్పలత మొదటి రోజు ఫోన్‌లో నమ్మలేదు. రెండో రోజు స్వయంగా వచ్చి వీధిలో నిలబడి, నువ్వు మనిషివా బియ్యం బస్తావా అని అడిగింది. ఓంప్రకాశ్ కిటికీలోంచి, నువ్వు మాత్రం పైకి రాకు అని బతిమాలాడు. ఉతికిన చొక్కా పంపి విడిచిన చొక్కా తీసుకుని ఆమె కాప్రా వెళ్లిపోయింది. చొక్కాకు చొక్కా కాబట్టి ఆ లెక్కలో ఎవరికీ తక్లీఫ్ కాలేదు.

బుధవారానికి ఓంప్రకాశ్ గోడకు చెవి పెట్టి వినడం మొదలుపెట్టాడు. తుమ్ము వస్తే ముక్కు గట్టిగా మూసుకునేవాడు. శ్యామలమ్మ గిన్నె కింద పెట్టిన చప్పుడైతే ఉలిక్కిపడేవాడు. రాణీగంజ్ దుకాణంతో ఫోన్‌లో మాట్లాడుతూ కూడా కళ్లు గోడ మీదే ఉంచేవాడు. ఇంత భయపడుతున్నాడు కదా, మనసు మారిందేమోనని శ్యామలమ్మకు ఆశ పుట్టింది. అన్నం వడ్డిస్తూ, రేపు ఇన్‌స్పెక్టర్‌కు ఏం చెబుతావని అడిగింది.

“రాసిందే చెప్తా వదినా,” అన్నాడు అతను, గోడ వినకూడదన్నట్టు గొంతు తగ్గించి. “ఇది బతికే గోడ కాదు. శుక్రవారం బీమ్ ఎక్కినంక నేను దిగుతా. శనివారం కూలగొట్టుకోనీ.”

శ్యామలమ్మ గరిటె గిన్నెలో పెట్టేసింది. మూడు పూటలా వండి పెట్టింది ఎవరికో అప్పుడు తెలిసివచ్చింది. మరిదికి గోడ పడుతుందని భయం లేదు, తను మీద ఉండగా పడుతుందనే భయం. అది శుక్రవారంతో తీరుతుంది. ఇన్‌స్పెక్టర్ రాసే కాగితం మాత్రం తీరదు. ఆ రోజంతా ఆమె గది నాలుగు మూలలూ కొత్తగా చూసుకుంది.

గురువారం పొద్దున తొమ్మిదింటికి జ్ఞానశేఖర్ జాకీలు చూసుకోవడానికి వచ్చాడు. కింద అన్నీ తట్టి చూసి, ఆమెను పలకరిద్దామని మెట్లెక్కాడు. శ్యామలమ్మ గుమ్మంలోనే చెయ్యి అడ్డం పెట్టింది.

“లోపటికి రాకు బిడ్డా. లెక్క నిండింది.”

అతనికి అర్థం కాలేదు. అప్పుడు మెట్ల పక్క గోడ మీద సుద్దరాత కనపడింది. బీరువా నుంచి మరిది దాకా చదివాడు. లోపల ఓంప్రకాశ్ మంచం కోడు పట్టుకుని ఫోన్‌లో ఎవరికో మోటారు ధర చెబుతున్నాడు. జ్ఞానశేఖర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకున్నాడు. తను చెప్పింది బీరువాల్లాంటివి జరపొద్దని, మిద్దె మీద ఖాళీగా ఉన్న నీళ్ల ట్యాంకు నింపొద్దని మాత్రమేనట. పద్దెనిమిది అంగుళాల గోడకు మనుషులు ఎక్కినా దిగినా ఈగ వాలినట్టేనట. ఆ జాకీలు ఇలాంటి ఇల్లు ఇంకొకటి వచ్చి కూర్చున్నా మోస్తాయట. ఇప్పుడే లోపలికెళ్లి అంకుల్‌కు చెప్తా, పాపం సోమవారం నుంచీ కూర్చున్నట్టున్నారు అని అతను అడుగు ముందుకేశాడు.

శ్యామలమ్మ చెయ్యి దించలేదు. మూడు రోజులుగా గోడ ఆగుతుందా ఆగదా అని ఆమె కూడా నిద్రలేకుండానే ఉంది. ఆ బరువు ఒక్కసారి గుండె మీంచి దిగిపోయింది. దాని వెనకే ఇంకో ఆలోచన వచ్చింది.

“ఈ మాట పన్నెండు గంటలకు చెప్పు బిడ్డా.”

“ఇప్పుడు చెప్తే ఏమైతది ఆంటీ?”

“పదకొండుకు ఇన్‌స్పెక్టర్ వస్తడు.”

జ్ఞానశేఖర్ ఆమెను చూశాడు, లోపలి మనిషిని చూశాడు. దిగి మార్త దగ్గర కేకు తినడానికి కూర్చున్నాడు. అబద్ధమైతే ఆడలేదని శ్యామలమ్మ తనకు తాను చెప్పుకుంది. పన్నెండు గంటల మాటను పదకొండుకు ముందు మొయ్యలేదు, అంతే.

ఇన్‌స్పెక్టర్ పద్మనాభం సన్నటి మనిషి. చంకలో ఫైలు, జేబులో రెండు పెన్నులు. వీరయ్య ఆయనను మెట్ల దగ్గరే ఆపి, ఫైలుతో కలిపి యాభై తొమ్మిది అన్నాడు. పైన ఇంకో మనిషికి చోటు లేదనీ, అమ్మ యాభై ఎనిమిది గనక ఆమె దిగితేనే ఆయన ఎక్కాలనీ, చెప్పులు కింద విడిస్తే లెక్క సరిగ్గా కుదురుతుందనీ చెప్పాడు. పద్మనాభం మెట్ల గోడ మీది సుద్దరాత మొత్తం చదివాడు. రాతలో ఉన్నదానికి ఎదురు చెప్పే మనిషి కాడాయన. దాన్ని తన ఫైల్లో ఎక్కించుకుని చెప్పులు విడిచాడు.

శ్యామలమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. తన ఇంటి సంగతి తేలే గదిలోంచి తనే బయటికి పోవాలి. మరిదీ ఇన్‌స్పెక్టరూ ఇద్దరే ఉంటారు, అతను ఏం చెప్పినా కాదనేవాళ్లు ఉండరు. పోనంటే పోకుండా ఉండొచ్చు. మనిషి బరువు లెక్కే కాదట అని ఒక్క మాటంటే చాలు. కాని ఆ మాట చెవిన పడిన క్షణం మరిది లేచి నిలబడతాడు, హాయిగా ఒళ్లు విరుచుకుంటాడు, రాసిందంతా ఉన్నదున్నట్టు చెబుతాడు. ఆమె కొంగు దోపుకుని గుమ్మం దాటింది. ఇన్‌స్పెక్టర్ ఎక్కాడు. ఆమె నాలుగో మెట్టు మీద కూర్చుంది.

లోపల ఆయన అర్జీ పైకి చదివాడు. మధ్య గోడ శిథిలమై ఏ క్షణాన కూలుతుందో తెలియని స్థితిలో ఉన్నది అన్న చోట ఆగి, ఇది మీరు రాసిందేనా అని అడిగాడు. ఓంప్రకాశ్ తనేనన్నాడు.

“రాసింది నిజమైతే నేను ఇప్పుడే చర్య తీసుకోవాలి,” అన్నాడు పద్మనాభం. “పని ఆపించి, పైనున్నవన్నీ దింపించి, తాళం వేయిస్తాను. పది నిమిషాలు పడుతుంది.”

“అన్నీ దింపుతరా? బీరువా సుత?”

“బీరువా, మంచం, మీరు. అన్నీ.”

లోపల మంచం కిర్రుమంది. కింద వీరయ్య జాకీ గట్టిగా ఉందో లేదోనని సుత్తితో ఒక్కటి కొట్టాడు. ఆ చప్పుడు గోడ పట్టుకుని పైదాకా పాకింది.

“ముందుగాల ఎవరు దిగుతరు సార్?”

“అర్జీదారు క్షేమం ముందు కదా. మీరే దిగండి. మీ వెనక నేను.”

శ్యామలమ్మ చీర అంచును వేలికి చుట్టుకుంటూ ఉంది. మరిది లోపల ఎనభై నాలుగులోంచి యాభై ఎనిమిది తీసివేస్తున్నాడని, బీరువాకు ఎంత, మంచానికి ఎంత అని కూడుతున్నాడని ఆమెకు మెట్టు మీదినుంచే తెలుస్తోంది. చివరికి అతని గొంతు వినిపించింది.

“గోడ మంచిగనే ఉంది సార్.”

“మరి ఇదేమిటి?”

“అది కింద నిలబడి రాసిన. మూడు రోజుల సంది పైన కూసొని చూస్తున్న. మా నాయిన డంగు సున్నంల బెల్లం, కరక్కాయ కలిపి కట్టిచ్చిండు. రాలేది పైపూత సార్, గోడ కాదు. దీనికి ఏం కాదు. మీరు మాత్రం ఏదీ దింపొద్దు.”

పద్మనాభం రాసి ఇమ్మన్నాడు. ఓంప్రకాశ్ అర్జీ వెనక వైపునే, ఇల్లు దృఢంగా ఉన్నదనీ, తన ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాననీ, మళ్లీ పెట్టననీ రాసి సంతకం చేశాడు. సాక్షి సంతకం ఒకటి కావాల్సి వచ్చింది. కిందివాళ్లెవరూ పైకి రావడానికి లేదు గనక కాగితాన్ని బుట్టలో దింపుదామన్నాడు ఇన్‌స్పెక్టర్. ఓంప్రకాశ్ ఒప్పుకోలేదు. ముందు అంత కాగితం ఒకటి పైకి రావాలన్నాడు. మార్త కేకుల కింద వేసే కాగితం ఒకటి పంపింది. అది గది చేరాక అర్జీ దిగింది. మార్త వెన్న చేతులు తుడుచుకుని సాక్షి సంతకం చేసింది. మళ్లీ కాగితానికి కాగితం మారాక ఇన్‌స్పెక్టర్ దాన్ని ఫైల్లో పెట్టుకుని గుమ్మం దాటాడు, శ్యామలమ్మ లోపలికి అడుగు పెట్టింది.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆమె కిటికీ దగ్గరే నిలబడింది. తర్వాత మంచం ఎదురుగా వచ్చి కూర్చుంది. గెలిచిన సంతోషం ఉండాల్సిన చోట ఏదో ముల్లు గుచ్చుతోంది. పన్నెండు కొట్టేదాకా ఆగలేకపోయింది.

“ఓంప్రకాశ్, పొద్దుగాల ఇంజనీరు వచ్చిండు. మనుషుల బరువు అసలు లెక్కనే కాదంట. నువ్వు సోమారమే పోవచ్చుండె. నాకు తెలిసి సుత చెప్పలే.”

అతను తిడితే పడాలని, కాగితం వెనక్కి తెస్తానంటే మాత్రం కాళ్లకు అడ్డం పడాలని ఆమె సిద్ధంగా ఉంది. ఓంప్రకాశ్ తిట్టలేదు. చిన్నపిల్ల తెలియక ఏదో అన్నట్టు జాలిగా చూశాడు.

“గా పిలగానికేం ఎర్క వదినా? కాగితం మీద గీసేటోడు. మూడు రోజుల సంది ఈ గోడను మోస్తున్నది నేను.”

“మరి మల్ల అర్జీ పెడతవా?”

“నేను మోసిన గోడను నేనే కూలగొట్టుకుంటనా?” అన్నాడు. ఆ మాట అనడానికే అతనికి కష్టమనిపించినట్టుంది.

శ్యామలమ్మ బియ్యం ఇద్దరికీ సరిపడా కడిగి పొయ్యి మీద పెట్టింది. అన్నం ఉడికేలోపు గచ్చు తుడుద్దామని తడిగుడ్డ తెచ్చి, మంచం దగ్గరికి రాగానే కాళ్లెత్తమంది. ఓంప్రకాశ్ ముందు కుడికాలు ఎత్తాడు. అది మళ్లీ నేలకు ఆనాక, ఎడమకాలు ఎత్తాడు.